మామ ఎడమ చెంప

బొమ్మలు గీసే ఆడదాని ఇంట్లో అన్నం మాడిపోతుందని ఎవరన్నారో గానీ, వాళ్లు ఒక్కసారి సూరత్ నగరం భేస్తాన్‌లో సంధ్య ఇంటికి వచ్చి చూడాలి. ఆ ఇంట్లో బొమ్మకు కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. చేతికో గిన్నె ఇస్తుంది, గిన్నెలో చిక్కుడుకాయలో వెల్లుల్లిపాయలో ఉంటాయి. మొహం కదపకూడదు, చేతులు ఆపకూడదు. అట్లా మొగుడు ఉమాకాంత్ ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్న బొమ్మ ఒకటి, కూతురు సింధూజ వెల్లుల్లి ఒలుస్తూ విసుక్కుంటున్న బొమ్మ ఒకటి హాలు గోడ మీద ఉన్నాయి. బొమ్మ పూర్తయ్యేసరికి కూర తరగడమూ పూర్తవుతుంది. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఎవరికైనా తోస్తే చెప్పండి, సంధ్య వింటుంది. ఒప్పుకుంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. వారంలో ఆరు రోజులు రింగ్ రోడ్ మార్కెట్లో ఒక డిజైన్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని చీరల అంచులు గీస్తుంది. నెమళ్లు, మామిడి పిందెలు, తీగలు, మళ్లీ నెమళ్లు. ఆ పని తిండి పెడుతుంది కాబట్టి దాన్ని ఏమీ అనదు. ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా మాత్రం ఆమె సొంతం. ఆ మూడు గంటలూ మనుషుల మొహాలు పెన్సిలుతో గీసి, తర్వాత టాబ్‌లోకి ఎక్కించి రంగులు దిద్దుతుంది. ఆ సమయంలో ఇల్లు కాలిపోతున్నా సరే, ముందు తలుపు కొట్టి రావాల్సిందే.

ఆ మూడు గంటలకే ఎసరు వచ్చింది.

మామ లింగం పోయి ఏడాది కావస్తోంది. వచ్చే నెల ఏడాది మాసికం పెట్టుకున్నారు. ఆ రోజు దండ వేయడానికి పెద్ద ఫోటో కావాలి. పక్కనే వడోద్‌లో ఉండే ఆడబిడ్డ స్వరాజ్యం అందరికన్నా ముందే ఏర్పాట్లు చేసుకుని వచ్చింది.

"నాయిన ఆధార్ కార్డు ఇయ్యున్రి. మా గల్లీల ఫోటో స్టూడియో ఆయన పెద్దగ చేసి, ఎన్క నీలం రంగు వెట్టి, మంచిగ కోటు గూడ దొడిగి ఇస్తడట" అంది.

"పుట్టి బుద్ధెరిగి కోటు దొడగని మనిషికి సచ్చినంక కోటెందుకు వదినా?" అంది సంధ్య. "నేను గీస్త మామను."

స్వరాజ్యం చెడ్డ మనిషి కాదు. కాకపోతే మనసులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు. "గీస్తవ్, గీస్తవ్. ఆదివారమొస్తే నువ్వు బొమ్మలల్ల మునుగుతవ్, మా అవ్వ గా మూలకు ఒక్కతే కూసుంటది. నాయిన ఉన్నప్పుడు ఆమెకు తోడుండె. ఇప్పుడెవలున్నరు? జర ఆదివారమన్న మనోళ్ల సమాజం భజనకు తోలుకపోరాదు?"

ఆ మాట సంధ్యకు గుచ్చుకుంది. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. కానీ గుచ్చుకున్నప్పుడు తగ్గే రకం కాదు ఆమె, ఇంకా పైకి లేస్తుంది. "సరే వదినా. అత్తమ్మ నా బొమ్మ జూసి గీయినె మా ముసలాయినె అనాలె. అనకపోతే ఈ టాబ్ బీరువాల వెట్టి తాళం ఏస్త. ప్రతి ఆదివారం నేనే అత్తమ్మను భజనకు తోల్కపోత. సరేనా?"

"ఎందుకే నీకు గీ పంతాలు" అన్నాడు ఉమాకాంత్ పక్క నుంచి. ఆలస్యమైంది. మాట నోరు దాటింది.

గీద్దామని కూర్చున్నాక తెలిసింది అసలు చిక్కు. లింగం నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడి పనిచేసిన మనిషి. మరమగ్గాల చప్పుడు ఆయన ఎడమ చెవిని తినేసింది. ఎవరు పిలిచినా మొహం తిప్పి కుడి చెవి ముందుకు పెట్టేవాడు. పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్ "కాకా, ఇటు చూడు" అని అరిస్తే, ఆ అరుపేమిటో వినడానికి కూడా అట్లాగే తిరిగేవాడు. వెతికితే పన్నెండు ఫోటోలు దొరికాయి, పన్నెండింటిలోనూ కుడి చెంపే. ఆధార్ కార్డు ఫోటో సంగతి చెప్పనక్కర్లేదు, దాన్ని చూసి ఆయన తననే తాను గుర్తుపట్టలేదు.

పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి సంధ్య ఆయన మొహం చూడలేదా అంటే, చూసింది. కానీ టీ ఇచ్చినా, అన్నం వడ్డించినా, కుడి పక్కన నిలబడితేనే ఆయనకు మాట వినిపించేది. ఇంటిల్లిపాదికీ అదే అలవాటు. ఆయన కుర్చీకి ఎడమ పక్కన కిటికీ, కిటికీ కింద అత్తమ్మ నర్సవ్వ కూర్చునే పీట. అటు వేరే ఎవరూ వెళ్లేవాళ్లు కాదు.

అయినా సంధ్య భయపడలేదు. కుడి వైపంతా ప్రాణం పెట్టి గీసింది. ముక్కు, మీసం, కంటి కింది ముడతలు, చెవి మీద నెరిసిన వెంట్రుకలు. ఎడమ వైపు వచ్చేసరికి వేలు దానంతటదే మీట మీదకు పోయింది. రోజూ షాపులో చేసే పనే. సగం నెమలిని గీసి మిర్రర్ కొడితే రెండో సగం వస్తుంది. సగం మామను గీసి మిర్రర్ కొట్టింది, నిండు మామ వచ్చాడు. చూసుకుని తనకు తానే మురిసిపోయింది.

మాసికానికి వారం ముందు ఆదివారం అందరినీ పిలిచి టాబ్‌ను షెల్ఫ్ మీద నిలబెట్టింది. ఉమాకాంత్ "అబ్బ!" అన్నాడు. స్వరాజ్యం కూడా కాదనలేకపోయింది. "అచ్చం సినిమాల తండ్రి లెక్కున్నడు" అని ఒప్పుకుంది.

నర్సవ్వ దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"మంచిగున్నడు బిడ్డా. ఎవలీయినె?"

సంధ్య మొహం మీద చల్లనీళ్లు కొట్టినట్టయింది.

"కండ్లద్దాలు వెట్టుకొని జూడు అత్తమ్మా."

"వెట్టుకున్న బిడ్డా. అన్ని మంచిగనే కనవడ్తున్నయ్."

"మరి గీ ముక్కు మామది గాదా? మీసం మామది గాదా?"

"ముక్కు గాయిందే, మీసం గాయిందే. మనిషే గాయిన గాదు." నర్సవ్వ టాబ్‌కు అటొకసారి, ఇటొకసారి తల వంచి చూసింది. "రెండు దిక్కుల ఒక్క తీరుగున్నడు. నేనెటు దిక్కు కూసోవాలె?"

ఆ ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదు. ఆమె తన పీట దగ్గరికి వెళ్లిపోయింది. స్వరాజ్యం గెలిచినట్టు ఏమీ మాట్లాడలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి. "ఆధార్ కార్డు ఇయ్యి, స్టూడియోల ఇచ్చొస్త" అంది మెల్లగా.

"ఇంక వారమున్నది" అంది సంధ్య.

సోమవారం పని నుంచి వచ్చి, పప్పు పొయ్యి మీద పెట్టి, టాబ్ తెరిచింది. కోపంతో ఎడమ సగాన్ని తీసిపారేసింది. ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని చూస్తూ నిలబడితే సిగ్గేసింది. పద్నాలుగేళ్లు తన చేతి అన్నం తిన్న మనిషిని చీర అంచు గీసినట్టు గీసింది. ఎడమ చెంప ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే ఒక్క గీత రాలేదు. అత్తమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అది మామ కాదు.

కుక్కర్ మూడోసారి కూత పెట్టింది. సంధ్య పొయ్యి ఆపింది, కళ్లు తుడుచుకుంది. ఏం చేయాలో తెలిసిపోయింది.

మంగళవారం సాయంత్రం పుంటికూర కట్టలు తెచ్చి నర్సవ్వ ముందు పెట్టి, ఎదురుగా కాగితం పట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నన్ను గియ్యకు. నా మొఖం గీత్తే ఎవలు జూత్తరు" అంది నర్సవ్వ. ఏళ్ల తరబడి అదే మాట.

"నిన్ను గాదు అత్తమ్మా, మామనే. ఎడమదిక్కు మామ నాకు తెల్వదు. నీకు దప్ప ఎవ్వలకు తెల్వదు. నువ్వే జెప్పాలె."

నర్సవ్వ ఆకు తెంపడం ఆపింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఏమీ చెప్పదేమో అనుకునేంతలో చెయ్యి చాపి, ఆకుపచ్చ మరక అంటిన వేలు కోడలి ఎడమ కనుబొమ్మ మీద పెట్టింది.

"గిక్కడ. సాంచల నూలు నాడె ఎగిరొచ్చి దాకింది. ఉమాకాంతు గప్పుడు నా కడుపుల ఉన్నడు. రెప్ప జర కిందికి వడ్డది, ఎప్పుడు సగం నిద్రల ఉన్నట్టు కనవడేటోడు." వేలు చెంప మీదకు దిగింది. "గిక్కడ బుగ్గల మావా ముద్ద వెట్టుకునేటోడు. తంబాకు వద్దని మొత్తుకున్న, ఇన్నడా? దవడ గిట్ల ఉబ్బెత్తుగుండేది."

సంధ్య పెన్సిలు ఆగకుండా నడుస్తోంది. "నువ్వెప్పుడు గా పక్కనే ఎందుకు కూసుండేదానివి? మామకు గటు వినరాదు గద."

"వినరాదనే కూసునేది!" నర్సవ్వ నవ్వింది. ఏడాదిలో సంధ్య ఆ నవ్వు వినలేదు. "ఎవలకు చెప్పుకోలేని ముచ్చట్లన్ని గా చెవుల వోసేదాన్ని. మా అత్తను తిట్టిన. స్వరాజ్యాన్ని తిట్టిన. గాయినెనైతే కడుపునిండ తిట్టిన. నిన్ను గూడ తిట్టిన."

"నన్నేమని?"

"గియ్యి, గియ్యి, బొమ్మ గియ్యి."

"మరి మామ ఏం జేసేటోడు?"

"ఏం జేత్తడు? మావా నములుకుంట కిటికీలకెళ్లి చూసేటోడు. నేను తిట్టేటప్పుడే గీ మూతి కొస జర పైకి లేసేది. మావా గట్టిగుండెనో ఏమో." గిన్నెలో ఆకు సర్దుతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "గీ సూరత్‌ల పుంటికూర దొరుకదని ఒకపారి గట్లనే ఏడ్సిన. తెల్లారి సంచెడు తెచ్చిండు. మనసు తెల్సినోడు, పాపం."

సంధ్య ఒక్క క్షణం తలెత్తి అత్తను చూసింది. ఏదో అడగబోయింది. అడగకుండా పెదవి కొస ఆమె చెప్పినంత మాత్రమే పైకి లేపి గీసింది.

ఆ వారమంతా ఇల్లు అట్లాగే నడిచింది. సంధ్య, నర్సవ్వ గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చుంటే, షిఫ్టు దిగి వచ్చిన ఉమాకాంత్ రొట్టెలు చేశాడు. "మమ్మీ, దేఖ్, పప్పా రొట్టె గుజరాత్ నక్షా లెక్కుంది" అని సింధూజ పడి పడి నవ్వింది. దేశపటంలా ఉన్నా కడుపు నిండింది. శనివారం మధ్యాహ్నం సంధ్య సెలవు పెట్టి, బొమ్మను పెద్దగా ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, గుడ్డ చుట్టి తెచ్చింది. ఎవరికీ చూపించలేదు.

ఆదివారం. స్వరాజ్యం మొగుడితో, పిల్లలతో వచ్చింది. ఆమె సంచిలో స్టూడియో ఫోటో ఉందని, అందులో నాన్న కోటు వేసుకున్నాడని అందరికీ తెలుసు. సంధ్య బీరువా తాళంచెవి తెచ్చి టాబ్ పక్కన పెట్టింది. మాటంటే మాటే. తర్వాత ఫ్రేమును మామ కుర్చీలో నిలబెట్టి గుడ్డ తీసింది.

స్వరాజ్యం ఒక అడుగు ముందుకు వేసింది. "నాయినా!" అంది చిన్నపిల్లలా.

కానీ అందరూ చూస్తున్నది నర్సవ్వ వైపు. ఆమె కొంగు తల మీదకు లాక్కుంది. ఎవరి మొహమూ చూడకుండా నేరుగా వెళ్లి కుర్చీకి ఎడమ పక్కన, కిటికీ కింద, తన పీట మీద కూర్చుంది. తల ఎత్తింది. వాలిన రెప్ప, ఉబ్బిన దవడ, కొస పైకి లేచిన పెదవి.

"ఏందయ్యా, గట్ల వోతివి? ఒక్క మాటన్న జెప్పకుంట..." అని గొణగడం మొదలుపెట్టి, ఠక్కున ఆగిపోయింది. లేచింది. బొమ్మ దగ్గరకు మొహం పెట్టి ఆ పెదవి కొసను వేలితో తాకింది.

"నవ్వుతున్నడు!"

స్వరాజ్యం కూడా వంగి ఆ పెదవి కొస చూసింది.

"ఓరి దొంగ ముసలోడా! ఇన్నవా? గన్ని ఏండ్లు అన్ని ఇనుకుంటనే కూసున్నవా?" నర్సవ్వ రెండు చేతులతో ఫ్రేము పట్టుకుని ఊపింది. "పుంటికూర గిట్లనే దెచ్చినవా? నా మాటలన్ని ఇని, చెవిటోని లెక్క కిటికీలకెళ్లి జూత్తివా?" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు, రెండూ ఒకేసారి వస్తున్నాయి. ఉమాకాంత్ వెళ్లి తల్లి భుజం పట్టుకున్నాడు. అతని కళ్లల్లోనూ నీళ్లు ఉన్నాయి, ఈసారి ఉల్లిగడ్డలు లేవు.

స్వరాజ్యం తన సంచి నోరు ముడివేసి తలుపు వెనక పెట్టేసింది. కోటు వేసుకున్న లింగం ఆ సంచిలోంచి మళ్లీ బయటికి రాలేదు.

భోజనాలయ్యాయి. నర్సవ్వ చెయ్యి కడుక్కుని వచ్చి, టాబ్ పక్కనున్న తాళంచెవి తీసి తన నడుముకు దోపుకుంది. గడియారం వైపు చూసింది. రెండు కావస్తోంది.

"సంధ్యా, గిన్నెల చిక్కుడుకాయలు ఏసుకరా. నన్ను గియ్యి."

"భజనకు పోవా అవ్వా?" అంది స్వరాజ్యం.

"భజన ఎటు వోతది? పిల్లకు మూడు గంటలే ఉన్నయ్." నర్సవ్వ పీట మీద సర్దుకుని కూర్చుని, కోడలి వైపు తిరిగింది. "మంచిగ గియ్యి బిడ్డా. నేను వోయినంక గాయినె ఎడమ పక్కన తగిలియ్యున్రి. తిట్టేటియి ఇంక శానున్నయ్."