లాగితే బిగిసే పట్టు

గులాబీ రంగు నీళ్లు. గోరువెచ్చగా... పల్చగా... పళ్లెంలో చిన్న అల కూడా లేకుండా.

ఆ నీళ్ల అడుగున తమ్ముడి చర్మం పెరగాలి.

తమ్ముడు బట్టలుతికే కార్ఖానాలో ఆవిరి యంత్రం నడిపేవాడు. గొట్టం పగిలి కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనే అక్కా," అని ఆసుపత్రి మంచం మీద నవ్వబోయి ఏడ్చేశాడు వెధవ.

అక్క ఏడవలేదు.

అక్కది ల్యాబులో కణాలు పెంచే పని. వాడి తొడ మీది మంచి చర్మం ముక్కలోంచి కణాలు తీసింది. పళ్లెంలో జిగురు పొర పరిచి, సగం కణాల్ని దాని మీద చల్లింది.

ఆ పొరనే మరీ మెత్తగా చేసింది. కాలిన పిల్లాడి కణాలు కదా, వాటికైనా మెత్తటి పరుపు ఉండాలనుకుంది. ఇంత చదువూ ఏ గంగలో కలిసిందో... ప్రేమ మరి.

కణాలు ముడుచుకుని ఉండలయ్యాయి. కడగగానే నీళ్లతో పాటే కొట్టుకుపోయాయి.

మిగిలిన సగం కూడా పోతే వాడి తొడ మళ్లీ కోయాలి... ఆలోగా పుండు చెడితే చెయ్యే దక్కదు.

"అంత మెత్తగా వేస్తే దేన్ని పట్టుకుని లాగుతాయమ్మా అవి?" అన్నాడు ల్యాబు పెద్దాయన.

ఈసారి పొరను కాస్త గట్టిగా వేసింది. మిగిలిన కణాలన్నీ చల్లింది. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది.

ఒక కణం సాగింది. ఒక అంచు చాపింది... పొరను పట్టుకుంది... లాగింది.

పొర లొంగలేదు.

ఎంత చిత్రం! అతికించింది ఏదైనా లాగితే ఊడొస్తుంది. ఇది లాగేకొద్దీ బిగుస్తుంది. కణం ఒంటి నిండా కంటికి ఆనని చిన్న చిన్న కొక్కేలు. లాగుడు తగలగానే లోపల ముడుచుకుని ఉన్న ప్రోటీను విచ్చుకుంటుంది. విచ్చుకున్న చోటికి ఇంకో ప్రోటీను పరుగెత్తుకొచ్చి పట్టుకుంటుంది. పక్క కొక్కేలు వచ్చి గుంపు కడతాయి. మరీ గుంజితే తెగుతుంది, నిజమే. కానీ అంతదాకా — ఉడుం పట్టు!

"మొండిఘటాలు," అని మురిసిపోయింది అక్క. "మా వాడివే కదా."

కడిగింది. నీళ్లు పోయాయి... కణాలు పోలేదు.

అవి చర్మంలా అల్లుకున్నాక డాక్టరమ్మ దాన్ని తీసి తమ్ముడి చేతి మీద పరిచి కట్టు కట్టింది.

కట్టు విప్పిన రోజు మణికట్టు దగ్గర కొత్త చర్మం కొంచెం పట్టలేదు. మిగతాది పట్టిందో లేదో ఇంకా తెలియదు. డాక్టరమ్మ చిన్న పట్టకారుతో దాని అంచు పట్టుకుని నెమ్మదిగా లాగింది.

"అబ్బా! లాగొద్దని చెప్పవే అక్కా!"

చర్మం ఊడిరాలేదు. దాంతో పాటు చెయ్యి లేచింది.

"లాగనివ్వరా," అంది అక్క. అని, అప్పుడు ఏడ్చింది.