ముప్పావు లీటరు

"రోజు మొత్తానికి ముప్పావు లీటరే అమ్మా. నీళ్లొకటే కాదు, టీ, మజ్జిగ, పులుసు అన్నీ కలుపుకుని ముప్పావు," అంది బందరు ఆస్పత్రిలో డయాలసిస్ చేసే నర్సు కృపాకుమారి.

అంకమ్మరావు నవ్వాడు. చిన్నప్పట్నుంచీ సముద్రం మీద వేటకెళ్లిన మనిషి, ఇంటికొస్తే చెంబు ఎత్తి గటగటా తాగడమే గాని కొలిచి తాగింది లేదు. అతని భార్య పెద్దింట్లమ్మకి నవ్వు రాలేదు. షుగరు వల్ల రెండు కిడ్నీలూ పోయాయనీ, తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదనీ, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయనీ డాక్టరు గారు విడమరిచి చెప్పింది ఆమెకే.

నాగాయలంక తిరిగొచ్చాక ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున్నే ఒక సీసాలో ముప్పావు లీటరు నీళ్లు పోసేది. అతను అరగ్లాసు టీ తాగితే సీసాలోంచి అరగ్లాసు నీళ్లు తీసి మళ్లీ బిందెలో పోసేసేది. మిగిలినవే అతనివి. కూరలో ఉప్పు పావు చెంచాకి తగ్గింది. చేపల పులుసు పెట్టడం మానేసింది, వేపుడే. అతని ఎదురుగా తను నీళ్లు తాగేది కాదు. దొడ్లోకి వెళ్లి తాగి, మూతి తుడుచుకుని లోపలికొచ్చేది.

ఎండలు ముదిరాక గొడవలు మొదలయ్యాయి.

"ఏమే, ఇంకొక్క గుక్క."

"లేవు మావా. ఉన్న పావుగ్లాసూ రాత్రి మాత్రలకి ఉంచాలి."

"నువ్వు పెళ్లానివా, జైల్లో వార్డరువా?"

ఆమె సీసా తీసి అటక మీద పెట్టేసేది. ఒకరోజు చేపలమ్ముకుని వస్తుంటే అతను వీధి కుళాయి కింద నోరు పెట్టి కనిపించాడు. గంప కింద పడేసి పరిగెత్తి, చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. వీధంతా చూసింది. ఇంటికొచ్చాక అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎంతమందిని పడవలో పెట్టుకుని తీసుకెళ్లి తీసుకొచ్చాను. నలుగురి ముందూ చొక్కా పట్టుకుని లాగావే," అని ఏడ్చాడు.

కార్తీకంలో తుపాను పట్టింది. చెట్లు పడి, రోడ్డు మీద నీళ్లు నిలిచి బస్సులు ఆగిపోయాయి. డయాలసిస్‌కి బందరు వెళ్లాల్సిన రోజు దాటిపోయింది. పెద్దింట్లమ్మ కృపాకుమారికి ఫోన్ చేసింది.

"ముప్పావు కుదరదమ్మా. దారి తెరుచుకునేదాకా పావు లీటరు దాటనివ్వకు. తలకింద ఎత్తు పెట్టు. దారి కనపడగానే బయల్దేరండి," అంది నర్సు.

చూరునుంచి ధార కారుతోంది. వాకిట్లో మోకాలి లోతు నీళ్లు. మంచం మీద అతని పెదాలు పగిలి తెల్లబడ్డాయి.

"అరపావైనా పొయ్యవే," అన్నాడు.

ఆమె గుడ్డ తడిపి పెదాలు అద్దింది. అతను చటుక్కున ఆ గుడ్డని పళ్లతో పట్టుకుని పీల్చాడు. ఒక్క క్షణం చూసి, బలంగా లాగేసుకుంది. అతనప్పుడు చూసిన చూపు పగవాడి చూపులా ఉంది. ఆపైన ఆమెతో మాట్లాడలేదు.

రోడ్డు మీద నీళ్లు తీయగానే పక్కింటి నాగేంద్రబాబు తన ఆటోలో వాళ్లని ఎక్కించుకుని, పడిన కొమ్మలు తప్పించుకుంటూ బందరు చేర్చాడు. అప్పటికే అంకమ్మరావు రొప్పుతున్నాడు. డయాలసిస్ అయ్యాక కృపాకుమారి బయటికొచ్చి, "ఇంకాస్త నీరు చేరి ఉంటే దక్కేవారు కాదమ్మా," అంది.

తిరుగు ప్రయాణంలో చల్లపల్లి దాటాక అతను నోరు విప్పాడు.

"నీ మీద కోపం లేదే."

"తెలుసు మావా."

"గుడ్డ లాక్కున్నప్పుడు మాత్రం చంపెయ్యాలనిపించింది."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆమె చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆ చలికాలం కొలతల మీదే గడిచింది. మాఘంలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే అతని గుండె ఆగిపోయింది. కోడూరునుంచి కూతురు గాయత్రి వచ్చింది. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి అతని నోట్లో చెంచాతో తులసి నీళ్లు పోస్తున్నారు. గాయత్రి పోసి, మళ్లీ చెంచా ముంచబోతే పెద్దింట్లమ్మ చప్పున ఆమె మణికట్టు పట్టుకుంది.

"చాలమ్మా. ఎక్కువైపోద్ది."

గాయత్రి తల్లి మొహంలోకి చూసి, చెంచా కింద పెట్టేసి భోరుమంది. ఆ ఏడుపు విన్నాకగాని పెద్దింట్లమ్మకి తనన్నదేమిటో తెలియలేదు.

మెల్లగా గిన్నె తన ముందుకి జరుపుకుంది. అతని తల ఒళ్లోకి తీసుకుని, చెంచా వదిలేసి, దోసిలితో పోసింది. నీళ్లు పెదాల పక్కనుంచి కారి ఆమె చీర తడిసిపోతోంది. పాడె సిద్ధమైందని నాగేంద్రబాబు వచ్చి చెప్పేదాకా, "తాగు మావా, తాగు," అంటూ పోస్తూనే ఉంది.