మూడో వార్డు అప్పగింత

నర్సు తహాని వార్డులో గోడ పట్టుకుని నడుస్తోంది. తెల్ల యూనిఫాం వెనక తడిసింది. రోగులు మొహాలు తిప్పుకున్నారు. మొదటి పడక మీది ముసలామె, హజ్ చేసొచ్చిన హాగ్గా జీనత్, తన నల్ల శాలువా తీసి ఆ పిల్ల నడుముకు చుట్టింది.

నర్సుల మరుగుదొడ్డి తాళంచెవి హెడ్ నర్సు ఎఖ్లాస్ దగ్గర ఉంటుంది. రోగుల్ని ఇంకొకరికి పడక పడకా చెప్పి అప్పగించనిదే ఆమె అది ఇవ్వదు. ఇద్దరు చాలని ఆసుపత్రి డైరెక్టరు అన్నాక వార్డుకు మిగిలింది ఇద్దరు నర్సులు. తహాని వచ్చి తన రోగుల్ని తీసుకోమని అడిగినప్పుడు రెండో నర్సు వఫీయ, ఊపిరాడని రోగికి మాస్కు పెడుతోంది. ఆగమంది. తహాని కడుపు ఆగలేదు.

మర్నాడు డ్యూటీ మారే వేళ, దుప్పట్ల గదిలో అన్ని వార్డుల నర్సులూ చేరారు. సోంపు నీళ్లు కాచారు. అందరిదీ ఒకటే పేగు జబ్బు, కొలోన్ అంటారు. మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, పరుగు. పరీక్షల్లో ఏమీ కనపడదు. కోపం తగ్గించుకోమని డాక్టర్లు చెప్పి పంపుతారు.

చిక్కుడు గింజల ఫూల్ తినడం మానేయండే అని ఒకామె అంది.

"సెలవు రోజున అదే ఫూల్ తింటాను," అంది వఫీయ. "నా కడుపు నోరెత్తదు. యూనిఫాం గుండీలు పెట్టుకునేసరికి మొదలవుతుంది."

కొందరు నవ్వారు. పని మానేద్దామని ఒకరన్నారు. రోగుల్ని వదిలేశారని కేసు పెడతారని ఇంకొకరు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే అని మరొకామె ఏడ్చింది. వాదన చాలాసేపు సాగింది.

"వదిలేసి ఎవరు పోతారు?" అంది వఫీయ. "రూలు ప్రకారం అప్పగించే పోదాం."

"ఎవరికే?"

"ఇద్దరు చాలన్నాడు చూడు, ఆయనకే."

ఆ మధ్యాహ్నం వార్డుకొకరు పడకల దగ్గర నిలబడ్డారు. మిగిలినవాళ్లు డైరెక్టరు గది ముందు వరస కట్టారు. రోగుల్ని చూడవచ్చినవాళ్లతో వసారా నిండి ఉంది. వఫీయ అందరికంటే ముందు, ఆయన తలుపులో నిలబడింది.

"మొదటి పడక హాగ్గా జీనత్, డైరెక్టరు గారూ. గుండె నీరసం. ఆక్సిజను మీద ఉంది. పక్క మార్చాలి. తీసుకున్నానని చెప్పండి, నేను దొడ్డికి వెళ్లొస్తా."

ఆయన బయటికి పొమ్మన్నాడు.

"అప్పగించకుండా ఎట్లా పోను? కేసు మీరే పెడతారు. రెండో పడక..."

వసారాలో ఎవరో నవ్వారు. హాగ్గా కొడుకు ముందుకొచ్చి, మా అమ్మని తీసుకుంటారా తీసుకోరా చెప్పండి అని నిలదీశాడు. డైరెక్టరు ఫోను అందుకున్నాడు. ఎఖ్లాస్ తాళంచెవి జేబులో వేసుకుని గోడవారగా నిలబడింది.

పోలీసులు వచ్చారు. రెచ్చగొట్టిందని వఫీయ చెయ్యి పట్టుకున్నారు. ఆమె మెట్ల దగ్గర ఆగి, రోగుల్ని అప్పగించాలి అంది. పోలీసు అధికారి డైరెక్టరు వైపు చూశాడు. ఆయన తల తిప్పుకున్నాడు.

సెలవు పెట్టమన్నా పెట్టకుండా వచ్చిన తహాని గుంపులోంచి ముందుకు వచ్చింది. వఫీయ ఆమెకు తన రోగుల గురించి పడక పడకా చెప్పింది. మందులు, నీళ్లు, ఎవరికి రాత్రి భయమో. పోలీసులు నిలబడి విన్నారు.

"డైరెక్టరు గారు ఇంకా తీసుకోలేదు," అంది చివర్న. "అదీ మిగిలింది."

"తీసుకున్నాను అక్కా," అంది తహాని.

జీపు గేటు దాటింది. తహాని వెళ్లి డైరెక్టరు తలుపు ముందు, వరసలో మొదట నిలబడింది.

"మొదటి పడక," అంది.