బావ కోసం ఒక ఫ్లాస్కు

ప్లాస్టిక్ గేర్లు తయారుచేసే కంపెనీలో ప్రయోగశాలకు బావ పెద్ద. మరదలు ఆయన కింద కెమిస్టు. అక్క మొగుడే పై అధికారి కావడం వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. ఆఫీసులో తిన్న చీవాట్లే ఇంటికొచ్చి భోజనాల దగ్గర మళ్లీ తినాల్సి వచ్చేది.

ఆమె పని ఫార్మాల్డిహైడును పాలిమరుగా మార్చడం. డ్రై ఐస్ అనే పొడి మంచు, అసిటోన్ కలిపిన తొట్టిలో ఫ్లాస్కును గడ్డకట్టే చలికన్నా బాగా కిందికి చల్లబరచి, బోరాన్ ట్రైఫ్లోరైడు కాస్త వదిలితే, అణువులు చేయీ చేయీ పట్టుకుని బారులు తీరతాయి. గాలిలోని తేమ చొరబడిందా, బారులు పొట్టిగానే తెగిపోతాయి. చివరికి మిగిలేది సుద్దలాంటి పొడి.

ఈ సంగతి బావకు తెలియక కాదు. అటువైపు వెళ్తూ మూత ఎత్తి తొంగిచూడందే ఆయనకు కాళ్లు ముందుకు సాగవు, అంతే. వద్దంటే, "నేను చూస్తే అరిగిపోతుందా?" అనేవాడు. పొడి వచ్చిన ప్రతిసారీ తప్పు మాత్రం మరదలిదే.

ఒకరోజు ఆమె రెండు తొట్లు పెట్టింది. అసలుది మూలనున్న గాజు తలుపుల అరలో, సీసాల వెనక దాచింది. దారికెదురుగా పెట్టిన ఫ్లాస్కులో ఉత్త టొల్యూయీన్ ద్రావకం పోసి, పాత పొడి కలిపింది. అది తెల్లగా, మహా గంభీరంగా తిరుగుతోంది.

బావ సాయంత్రం దాకా దాని మూత ఎత్తుతూనే ఉన్నాడు. కలపడం నెమ్మదించమన్నాడు, పొడి మంచు ఇంకాస్త వేయించాడు, ఇప్పుడు దారికొస్తోందని మెచ్చుకున్నాడు. మరదలు బుద్ధిగా తలూపింది.

మూలన తయారైన పాలిమరును పలకగా నొక్కితే సుత్తి దెబ్బకు కూడా చెక్కుచెదరలేదు. దగ్గరుండి చూసుకుంటే పని ఎంత బాగా వస్తుందో బావ భోజనాల దగ్గర అక్కకు వివరించాడు. అక్కకు అప్పటికే అంతా తెలుసు. నవ్వు తన్నుకొస్తుందని అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. డైరెక్టరు ముందు తానే స్వయంగా చేసి చూపిస్తానని బావ మాటిచ్చేశాడు. ఆయన పరువు ఏమవుతుందో తలుచుకుని మరదలికి జాలేసింది. నిజం చెప్పేసింది.

బావ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అంటే నేను రోజంతా పాత పొడికి సలహాలిచ్చానా?"

"మంచి సలహాలే ఇచ్చారు బావగారూ."

ఆయనకు కోపం వచ్చింది. మధ్యలో నవ్వు అడ్డొచ్చి అది కాస్తా చెడిపోయింది.

డైరెక్టరు వచ్చిన రోజు బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టరు మాత్రం మూలనున్న ఫ్లాస్కు కనబడగానే చెయ్యి చాపి, మూత తీసి చూడొచ్చా అని అడిగాడు.

"తప్పకుండా. ఇటు రండి," అంటూ బావ ఆయన్ని దారికెదురుగా పాత పొడి తిరుగుతున్న తొట్టి దగ్గరికి నడిపించాడు. మరదలు మెల్లగా జరిగి మూలకు అడ్డంగా నిలబడింది.