వాడిన జొన్న

కృపాకుమారి ఏం చెప్పినా తిమ్మప్పకు అందులో ఏదో మెలిక కనిపించేది. వాళ్లమ్మ ఎస్తేరు ఏటేటా ఆయన చేన్లోనే కలుపు తీసిన మనిషి. ఆమె కూతురు మెడలో ప్రకృతి సేద్యం వాళ్ల కార్డు తగిలించుకుని వచ్చి, నేలకు సారం ఎట్లా తేవాలో తనకు చెప్పడమేమిటి?

"వాన పడకముందే విత్తేదేంది పాపా?"

"విత్తనాలకు పేడ, బంకమట్టి పట్టించి చల్లుదామన్నా. జల్లు పడితే మొలుస్తాయి. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ అన్నీ కలిపి. కొంత పశువులకు కోసుకోవచ్చు, మిగిలింది దున్నేస్తే నేలకు బలం."

"నీకేమొస్తాది దీంట్లో?"

"జీతమొస్తాది" అని నవ్వింది.

ఆ నవ్వూ ఆయనకు నచ్చలేదు. ఊరి చుట్టూ సోలార్ వాళ్లు భూములు అడుగుతున్న కాలం; ఈమె వాళ్ల మనిషేమో. మట్టి పరీక్షకని ఆమె గుంత తవ్వితే, దాన్ని పూడ్చేదాకా గట్టు మీదినుంచి కదల్లేదు. చివరికి భార్య బయమ్మ పోరు పడలేక, రాళ్లెక్కువున్న మూల ఒకటి చూపించాడు.

మే నెలలో జల్లు పడి విత్తనం మొలిచింది. చుట్టూ ఎర్రమట్టి మాడుతుంటే ఆ మూల మాత్రం పచ్చగా ఉంది. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు రాకముందే ఆకులు చుట్టుకుపోయాయి.

"పశువుల్ని ఇందులోకి తోలద్దన్నా" అంది కృపాకుమారి. "వాడిన లేత జొన్నలో విషముంటాది. నాము పడతాది. వానొచ్చి, పూతకొచ్చినాక కోసి వేద్దాం."

నాము మాట తిమ్మప్ప తన నాయన నోట విన్నదే. కోసిన జొన్నకు మళ్లీ వచ్చిన పిలకలు మేస్తే పశువు చస్తుందనేవాడు. ఊరంతా వేరుశనగకు మళ్లాక ఆ భయం కూడా పోయింది. అయినా విత్తిన పైరుకు నామేమిటి?

"ఎస్తేరు కొత్తగా బర్రెను కట్టింది, చూడలేదా?" అన్నాడు బయమ్మతో. "మన మేత దానికి. అందుకే ఈ మాట."

"ఊరికే అనుమానం నీకు. ఆ బిడ్డ చెప్పింది ఇను."

ఆయన వినలేదు. పొద్దున్నే ఆవునూ పెయ్యనూ ఆ మూలకే తోలాడు. ఆవు ఆబగా మేసింది. కాసేపటికే రొప్పుతూ, కాళ్లు వణుకుతూ కూలబడింది. పెయ్య నోట నురగ కక్కుతోంది. తిమ్మప్ప కేకలకు జనం పరుగెత్తారు. కృపాకుమారి వస్తూనే పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

కొత్తచెరువు నుంచి డాక్టరు వచ్చేసరికి ఆవు చచ్చిపోయింది. పెయ్యకు నరంలోకి మందెక్కించాడు.

"విత్తనాల్లోనే ఏదో కలిపిచ్చింది సార్!" అన్నాడు తిమ్మప్ప, కృపాకుమారిని వేలెత్తి చూపిస్తూ. "నాకు మొదట్నించీ అనుమానమే!"

"ఇది నాము. ఇందులో మేపొద్దని ఎవురూ చెప్పలేదా?" అని అడిగాడు డాక్టరు.

తిమ్మప్ప ఎత్తిన వేలు దించేశాడు. కృపాకుమారి వంగి పెయ్య మెడ పట్టుకుంది. ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బయమ్మ మాత్రం మొగుడి కళ్లలోకి చూసి, "చెప్పినాది సార్. నా ముందరే చెప్పినాది" అంది.

సాయంత్రానికి పెయ్య లేచి నిలబడింది. బయమ్మ దాని పలుపు ఆయన చేతికివ్వలేదు.

జూన్ చివర్లో మంచి వాన కురిసింది. జొన్న తేరుకుని ఏపుగా ఎదిగి పూతకొచ్చింది. ఇప్పుడు కోయవచ్చని కృపాకుమారి కబురు పంపింది. తిమ్మప్ప ఒక మోపు కోసి, నెత్తిన పెట్టుకుని నేరుగా ఎస్తేరు ఇంటికి వెళ్లాడు.

"ముందు మీ బర్రెకెయ్యండి. సూస్తా."

"మా బర్రెకేమన్నా అయితే ఎవుర్నడగల్ల తిమ్మప్పన్నా?" అంది ఎస్తేరు.

కృపాకుమారి తల్లిని పక్కకు తప్పించి, మోపు విప్పి బర్రె ముందు వేసింది. తిమ్మప్ప అంతవరకు ఎన్నడూ కూర్చోని ఆ గడప దగ్గర కూర్చున్నాడు. వాళ్ల ముఖాలు చూడలేక బర్రెనే చూస్తూ పొద్దుగూకేదాకా ఉండిపోయాడు. బర్రె మోపంతా మేసి, నెమరేస్తూ పడుకుంది.

అయినా తెల్లారాక మళ్లీ వచ్చి, అది లేచి నిలబడి ఉండటం కళ్లారా చూసుకున్నాకే ఇంటికి వెళ్లి పెయ్యకు మేత కోయడానికి కొడవలి తీశాడు.