ఇరవై నాలుగు కన్నాల ట్రే

లిఫ్టు తలుపుకి మళ్లీ ఆ అట్టముక్క వేలాడుతోంది. దాని మీద 'పనిచేయదు' అన్న అక్షరాలు ఎండకీ వానకీ కాదు, వాడకానికి వెలిసిపోయాయి. ట్రే బాబాయ్ దాన్ని ఒకసారి చూశాడు, తన ఎడమ మోకాలిని ఒకసారి చూసుకున్నాడు, చేతిలోని ట్రేని తీసుకెళ్లి రక్తం తీసే గదిలో బల్ల మీద పెట్టేశాడు.

అందులో అప్పటికి ఎనిమిది రక్తపు గొట్టాలున్నాయి. పరిశోధన ల్యాబ్ నాలుగో అంతస్తులో ఉంది. మెట్లు ఎనభై ఎనిమిది. ఎనిమిదేసి గొట్టాలకి ఒక్కోసారి ఎక్కేకంటే, ట్రే నిండాక ఒకేసారి ఎక్కితే మోకాలు బతుకుతుంది. లిఫ్టు మొరాయించిన రోజుల్లో మూడేళ్లుగా ఆయన చేస్తున్నది అదే. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చెప్పుకునేంత సంగతని కూడా అనుకోలేదు.

ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు.

మనిషి పొట్టి. ముందుకి వంగిన మెడ, మోచేతుల దాకా మడిచిన నీలం చొక్కా, నడుస్తున్నప్పుడు కూడా చేతిలో ఏదో నిండుగా ఉన్నట్టు కదలని భుజాలు. ముప్పయ్యొక్క ఏళ్లలో ఒక్క గొట్టం పగలగొట్టలేదు. మొదట్లో నాలుగు గొట్టాలు పట్టే చిన్న స్టాండు ఉండేది. నాలుగు నిండగానే పైకి పరుగు. మూడేళ్ల కిందట పెద్ద డాక్టరు ఒక జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టి, ఒక్కో విడతకి ఇరవై నలుగురి రక్తం కావాలన్నప్పుడు, ఈయనే తేలికపాటి చెక్క సంపాదించి, వరసకి నాలుగు చొప్పున ఆరు వరసల కన్నాలు తొలిచి ఈ ట్రే చేశాడు. పెద్ద డాక్టరు దాన్ని అందరికీ చూపించి మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో ఆయన అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

పొద్దున బయల్దేరుతుంటే మోకాలికి పట్టీ చుడుతూ భార్య ఒక్కటే మాట అంది. "ముప్పయ్యొక్క ఏళ్లు వాళ్లకిచ్చారు. ఈ మోకాలిలో మిగిలిందేదో నాకివ్వండి."

పదకొండు దాటాక ట్రే నిండింది. మెట్టుకొక ఊపిరి చొప్పున ఎక్కి ల్యాబ్ తలుపు తోశాడో లేదో, లెక్కలమ్మాయి ఎదురొచ్చి చొక్కా చెయ్యి పట్టుకు లాగింది. వచ్చి ఎనిమిది నెలలైన ఈ అమ్మాయి పని రక్తంలోంచి వచ్చిన అంకెలకి అర్థం చెప్పడం. రాత్రంతా నిద్ర లేదని కళ్లు చెబుతున్నాయి, అయినా కాళ్లు నేల మీద నిలవడం లేదు. వెళ్లిపోయేలోపు ఆయనకి ఒకటి చూపించాలట.

గోడ మీది పెద్ద తెర నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. పన్నెండు వందల నలభై ఎనిమిది మంది. ఎడమవైపు పెద్ద గుట్ట, కుడివైపు చిన్న గుట్ట, మధ్యలో సన్నటి చుక్కల దారి.

ఆమె ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఒక్కో మనిషి రక్తంలో రెండు వందల నలభై కొలతలు. వాటన్నిటినీ ఒకేసారి చూడగల కన్ను ఎవరికీ లేదు. అందుకని నీడ పట్టాలి. గొట్టాలు తీసేసి ఆయన ట్రేనే దీపం ముందు ఎత్తి చూపించింది. అంచు దీపం వైపు పెడితే గోడ మీద సన్నటి గీత. తిప్పితే వెడల్పాటి నీడ, కన్నాలన్నీ లెక్కపెట్టేయొచ్చు. ఏ దిక్కు నుంచి చూస్తే నీడ అన్నిటికంటే ఎక్కువ పరుచుకుంటుందో వెతికి పట్టుకోవడమే తన పని. అది చాలదని మరో పద్ధతిలో కూడా చేసింది. ఆ పద్ధతికి వెడల్పుతో పని లేదు, రెండు వందల నలభై కొలతల్లో ఎవరికెవరు ఇరుగుపొరుగో, కాగితం మీద కూడా వాళ్లే పక్కపక్కన ఉండేలా సర్దుతుంది. అందులోనూ ఇవే రెండు గుట్టలు. వయసు, బరువు, తేదీ, యంత్రం, అన్నీ పక్కన పెట్టి చూసింది. ఏదీ ఈ చీలికకి కారణం కాదు.

"జబ్బు ఒకటి కాదు బాబాయ్, రెండు. ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. మీరు మోసిన గొట్టాల్లోంచే బయటికొచ్చింది."

ఇంకో అరగంటలో, సరిగ్గా పన్నెండింటికి, పక్క గదిలో పెద్ద డాక్టరు సంతకం చేస్తాడు. రేపటి నుంచి కుడి గుట్టలోని రెండు వందల ఎనిమిది మందికి కొత్త మందు. ఘాటు మందే. కాలేయం మీద భారం పడుతుంది. కానీ వేరే జబ్బని తేలాక తప్పదు కదా.

ఆయనకి ఆ ఉత్సాహం అంటుకుంది. తను మోసినవి ఇలా గోడెక్కి కూర్చుంటాయని ఎవరనుకున్నారు? కుడి గుట్టలో ఒక చుక్క మీద వేలు పెట్టి ఇదెవరని అడిగాడు. ఆమె మీట నొక్కింది. మూడు వందల ఎనభై అయిదు.

ఆ నంబరు ఆయనకి గుర్తే. కుట్టుపని చేసే ఆవిడ. సూది గుచ్చి తీయగానే కుర్చీలోనే తూలిపోయింది. ముఖాన నీళ్లు చల్లి కూర్చోబెట్టింది తనే. ఆ రోజు లిఫ్టు లేదు. ఆవిడదే మొదటి గొట్టం. రెండు గంటలు బల్ల మీదే ఉంది.

ఇంకో చుక్క అడిగాడు. ఇంకోటి. పెద్ద డాక్టరే లిఫ్టులో ఇరుక్కుపోయి అందరూ చాటుగా నవ్వుకున్న రోజుది ఒకటి. లిఫ్టు తాడు మార్చిన రోజుది ఒకటి. ఆయన వేలు తెర మీదే ఆగిపోయింది.

గొట్టంలో పడ్డా రక్తానికి ప్రాణం పోదు. అందులోని కణాలు చక్కెర తింటూనే ఉంటాయి, తమలోని ఉప్పుల్ని బయటికి వదులుతూనే ఉంటాయి. అరగంటలో పైకి చేర్చి, కణాలు విడిపోయేలా యంత్రంలో తిప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన మొదటి పాఠమది.

నాలుగింటికి వీడ్కోలు సభ. 'మచ్చలేని సేవ' అని రాయించిన పటం కాగితం చుట్టి సిద్ధంగా ఉందని నర్సు పొద్దున్నే చెవిలో వేసింది. ఇప్పుడు నోరు మూసుకుని కిందకి దిగిపోతే చాలు. ఆ చీలిక ఎక్కడి నుంచి వచ్చిందో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. రేపు పొద్దున కుట్టుపని ఆవిడ మందు మింగుతుంది. అంతే.

ఆయన తెర మీంచి వేలు తీసి మెట్లు దిగాడు. లెక్కలమ్మాయి ఆయనకి బాగా అర్థం కాలేదేమో అనుకుంది.

లిఫ్టు మరమ్మతుల పుస్తకం గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో ఉంటుంది. అడిగితే వాచ్‌మన్ నవ్వాడు. "ఆఖరి రోజు కూడా లిఫ్టు మీద ఫిర్యాదేనా బాబాయ్?"

గోడ గడియారం పన్నెండుకి పదిహేడు తక్కువ చూపిస్తోంది. పుస్తకం చంకలో పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి అంతస్తు బాగానే గడిచింది. రెండో అంతస్తు దగ్గర మోకాలిలో ఎవరో మేకు దిగ్గొట్టారు. మూడో అంతస్తులో మెట్ల పక్క ఊచలు పట్టుకుని, కుడికాలు ముందు వేసి, ఎడమకాలిని చేత్తో ఎత్తి పెట్టుకుంటూ కదిలాడు. చేతిలో గొట్టాలు లేకుండా ఈ మెట్లెక్కడం ముప్పయ్యొక్క ఏళ్లలో ఇదే మొదటిసారి. అయినా ఇంత బరువు ఎప్పుడూ మోయలేదు.

లెక్కలమ్మాయి కాగితాలు సర్దుకుని పక్క గదికి బయల్దేరుతోంది. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"అమ్మాయ్, ఆ కుడి గుట్ట జబ్బు కాదు. అది నా మోకాలు."

ఆమె నవ్వబోయింది. ఆయన ముఖం చూసి మానేసింది. ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అదే నిజమైతే ఆ రోజుల్లో తీసిన ఇరవై నాలుగూ ఒకే గుట్టలో ఉండాలి. లేవు. తేదీ చూసింది కదా తను.

"ఉండవు. ఆఖరి వరస నాలుగూ తీయగానే నేను పైకొచ్చేస్తాను. అవి ఆగలేదు. నాలుగు వందల అయిదు నుంచి ఎనిమిది దాకా చూడు. ఎడమవైపు ఉంటాయి."

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి నిలబడే మీట నొక్కింది. నాలుగూ ఎడమవైపే. దాని ముందు వరస నాలుగూ మధ్యలోని సన్నటి దారి మీద ఉన్నాయి. పుస్తకంలో ఇంకో తేదీ తీసింది. అలాగే ఉంది. ఇంకోటి. అంతే. లిఫ్టు ఆగిన పదమూడు తేదీలూ ఒకేసారి ఎక్కించి రంగు మార్చేసరికి కుడి గుట్ట మొత్తం, ఒక్క చుక్క మిగలకుండా, ఎర్రబడింది.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రెండు వందల నలభై కొలతల్లో అన్నిటికంటే వెడల్పైన దిక్కు ఈ పొట్టి మనిషి మెట్లెక్కడం. నీడ వెడల్పు చెప్పింది, ఆ వెడల్పు దేనిదో చెప్పలేదు.

పన్నెండుకి నాలుగు నిమిషాలు. ఆమె తలుపు కూడా తట్టకుండా పక్క గదిలోకి పరుగెత్తింది.

కాసేపటికి పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. తెరని చూశాడు, పుస్తకాన్ని చూశాడు, బల్ల పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు.

"ఎన్ని రోజులు?"

"పదమూడు సార్. ఇవాళ్టితో పద్నాలుగు."

డాక్టరు కలం మూత పెట్టేశాడు. మందు ఆగిపోయింది. రెండు వందల ఎనిమిది మందినీ, మధ్య దారిలో ఉన్నవాళ్లనీ మళ్లీ పిలిచి రక్తం తీయాలన్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, ఎవరైనా ఆయనకి కుర్చీ వేయండన్నాడు.

లెక్కలమ్మాయి అప్పటికే కొత్త నిలువు వరస తెరిచింది. దాని తల మీద 'గొట్టం ఎంతసేపు ఆగింది' అని రాసింది. రెండు వందల నలభై ఒకటోది. ఆ ఒక్కదాని ప్రభావం తీసేసి మళ్లీ దీపం వేస్తే, ఇన్నాళ్లూ దాని వెనక నక్కిన అసలు నీడ ఎలా ఉంటుందో అని ఆమె వేళ్లు మీటల మీద ఎగురుతున్నాయి. మధ్యాహ్నం తిండి ఇవాళ కూడా గుర్తులేదు.

నాలుగింటికి టీ కప్పులు వరసగా పెట్టి అందరూ ఎదురు చూశారు. నాలుగుంపావు అయింది. పటం చుట్టిన కాగితం ఎవరూ విప్పలేదు. లెక్కలమ్మాయి వెతుక్కుంటూ కిందకి దిగింది. లిఫ్టు బాగైంది, అట్టముక్క లేదు. ట్రే బాబాయ్ గంట కిందటే వెళ్లిపోయాడనీ, పాపం మోకాలు బాగా ఇబ్బంది పెడుతోందనీ వాచ్‌మన్ చెప్పాడు. ఎన్నడూ లేంది ఆటో ఎక్కాడట.

రక్తం తీసే గది ఖాళీగా ఉంది. కడిగి ఆరబెట్టిన ట్రే బల్ల మీద ఉంది. మొదటి అయిదు వరసల కన్నాల్లోనూ ఎర్రటి రబ్బరు బిరడాలు, మళ్లీ ఊడిరాకుండా, లోపలిదాకా దిగ్గొట్టి ఉన్నాయి. ఆఖరి వరసలో నాలుగు కన్నాలు మాత్రం తెరిచి ఉన్నాయి.