సన్నాయిని దాచిపెట్టిన లైను

నేను ఒక మెటా ట్యాగుని. పేరు విని ఏదో మందుబిళ్ళ అనుకోకండి. వెబ్‌సైటు పేజీకి తలభాగంలో, మీ కంటికి కనబడకుండా రాసిపెట్టే చిన్న లైనుని. మీరు ఫోనులో ఏదైనా వెతికితే జవాబు చెప్పే సెర్చ్ ఇంజన్లున్నాయే, వాటి బంట్లు వేళాపాళా లేకుండా పేజీలన్నీ తిరిగి చూస్తుంటారు. వాళ్ళతో ముందుగా మాట్లాడేది మేమే. పేజీ గురించి గొప్పలు చెప్పేవాళ్ళు మాలో ఉన్నారు. ఏ మాట వెతికితే పేజీ కనబడాలో వల్లించేవాళ్ళూ ఉన్నారు. నా ఉద్యోగం వేరు. "ఈ పేజీని రాసుకోవద్దు, ఎవరికీ చూపించవద్దు" అని చెప్పి బంట్లను గుమ్మంలోంచే సాగనంపడం.

నన్ను పుట్టించింది నరసరావుపేటలో వెబ్‌సైట్లు తయారుచేసే సుధీర. ఆ పేజీ, చిలకలూరిపేట దగ్గర పల్లెలో ఉండే సన్నాయి విద్వాంసుడు షేక్ మీరావలిది. సుధీర పెళ్ళికి ఆయన వాయించాలి, ఆయనకి సుధీర వెబ్‌సైటు చేసిపెట్టాలి. అదీ ఒప్పందం. పేజీ సగంలో ఉండగా ఎవరైనా చూస్తే బాగుండదని ఆమె మొదట్లోనే నన్ను నిలబెట్టింది. పని కాగానే తీసేద్దామనుకుంది. తీరా పని అయ్యేసరికి పెళ్ళిచీరలు కొనడానికి రమ్మని వాళ్ళమ్మ ఫోను మీద ఫోను. పెళ్ళయింది, మీరావలి వాయించాడు, సుధీర రాజమండ్రి కాపురానికి వెళ్ళిపోయింది. నేను ఉన్నచోటే ఉండిపోయాను.

మీరావలి అడ్రసు కొట్టి చూసుకుంటే పేజీ టక్కున తెరుచుకునేది. తలపాగాతో తన ఫొటో, పక్కన డోలు ఏడుకొండలు, కింద నొక్కితే హంసధ్వని. "లోకమంతా మనల్నే చూస్తోందిరా!" అని ఏడుకొండలు వీపు చరిచేవాడు. అడ్రసు తెలిసి వచ్చినవాళ్ళకి నేను అడ్డు చెప్పను. కాకపోతే ఆ అడ్రసు తెలిసింది వాళ్ళిద్దరికే.

శ్రావణం ముహూర్తాలు పోయాయి, కార్తీకం పోయింది. ఒక్క ఫోనూ రాలేదు. ఏడుకొండలు ఫొటోని అనుమానించాడు. "నా మొహం సగమే పడింది గురువుగారూ. సగం డోలుని ఎవడు పిలుస్తాడు?" ఊళ్ళో నెట్ సెంటరు కుర్రాడి చేత కొత్త ఫొటో పెట్టించారు. మీరావలి భార్య నాగూర్‌బీ, "ఆ మూతి ముడుచుకోడమేందయ్యా, పెళ్ళికొచ్చినట్టుందా?" అంది. నవ్వుతూ ఇంకోటి పెట్టారు. తర్వాత మాటల మీద పడ్డారు. నా పక్కనుండే కీవర్డ్స్ ట్యాగులో పెళ్ళి, ఓణీలు, గృహప్రవేశం, ఊరేగింపు అంటూ దొరికిందల్లా కూరించారు. పక్కనే ఉన్న నేనేమిటో ఆ కుర్రాడికి తెలియదు. చివర్లో నాగూర్‌బీ "మంచి మనుషులు" అని కూడా రాయించింది. ఆ కీవర్డ్స్ ట్యాగుగాడు పొంగిపోయాడు. ఈ కాలంలో తన మాట పెద్దగా ఎవరూ పట్టించుకోరని పాపం వాడికి తెలియదు.

మధ్యమధ్య బంట్లు వస్తూనే ఉన్నారు. నేను సాగనంపుతూనే ఉన్నాను. ఇంత నమ్మకంగా పనిచేసి ఇంత చేటు చేసినవాణ్ణి మీ ఆఫీసుల్లో కూడా చూసి ఉండరు.

మాఘం మొదట్లో ఏడుకొండలు నసిగాడు. "హైదరాబాదులో అపార్టుమెంటుకి వాచ్‌మన్ కావాలంట గురువుగారూ. ఈ మాఘం చూసి పోతా." డోలు లేకపోతే మేళమే లేదు. మీరావలి సన్నాయిని తుడిచి గుడ్డలో చుట్టేశాడు. నాకు బాధేసింది. కానీ నాకు వచ్చింది ఒక్కటే మాట, అదేమో వద్దని చెప్పే మాట.

ఇంతలో రాజమండ్రిలో సుధీర మరిదికి పెళ్ళి కుదిరింది. డీజే వద్దు, సన్నాయే కావాలన్నారు అత్తగారు. "మా మీరావలి బాబాయ్ ఉన్నాడుగా, ఫోనులో వెతకండి, ఫొటోలతో సహా వస్తాడు" అని సుధీర గొప్పగా చెప్పింది. అత్తగారు వెతికారు. ఇంకెవరెవరో వచ్చారు గానీ మీరావలి రాలేదు.

"ఏవమ్మా, నీ పెళ్ళిలో వాయించింది నిజం మనుషులేనా?" అన్నారు ఆవిడ కళ్ళజోడు సవరించుకుంటూ.

సుధీర గదిలోకి పరుగెత్తి పేజీ తలభాగం తెరిచింది. నన్ను చూసింది. నెత్తి కొట్టుకుంది. వెంటనే ఫోను చేసి, "బాబాయ్, తప్పంతా నాదే" అని జరిగింది చెప్పేసరికి ఏడుపొచ్చేసింది.

అవతల మీరావలి పెద్దగా నవ్వాడు. "అంటే ఇన్నాళ్ళూ తలుపేసుకుని వాయించుకున్నామన్నమాట! ఊరుకో తల్లీ. తలుపు తియ్యి."

తీసింది. అంటే నన్ను చెరిపేసింది. చెరిపే ముందు అలవాటు కొద్దీ పాత పేజీకి ఒక నకలు తీసి, తన లాప్‌టాప్‌లో "పాతవి" అనే ఫోల్డరులో పడేసింది. ఇప్పుడు నేనుండేది అందులోనే. ఇక్కడికి బంట్లు రారు.

ఫాల్గుణంలో మరిది పెళ్ళయ్యాక, సుధీర ఆ వీడియోని కూడా ఇదే ఫోల్డరులో వేసింది. తాళి కట్టే సమయం. గట్టిమేళం హోరెత్తుతోంది. ఆ మోతలోనే మీరావలి జేబులో ఫోను మోగింది. ఆయన నోట్లో సన్నాయి, ఏడుకొండలు చేతులు రెండూ డోలు మీద. ఆగింది, మళ్ళీ మోగింది. మేళం ఆగగానే ఏడుకొండలు, ఇక్కణ్ణించి ఇటే హైదరాబాదు బండెక్కుదామని తెచ్చుకున్న సంచిని కాలితో వెనక్కి తోసి, "గురువుగారూ, ముందు ఆ ఫోను చూడండి" అన్నాడు. మీరావలి స్పీకరు పెట్టాడు. "తెనాలి నుంచండీ. సన్నాయి కోసం వెతికితే మీరే వచ్చారు."

సుధీరకి పుట్టింటి మీద బెంగ కలిగినప్పుడల్లా ఆ వీడియో పెట్టుకుంటుంది. పక్కనే ఉన్న నావంక చూడదు. నేను మాత్రం ఎవరికీ వినబడనివ్వని ఆ సన్నాయిని ప్రతిసారీ చెవులప్పగించి వింటాను. మధ్యలో ఫోను మోగే చోటు వచ్చేసరికి, ఎవరైనా ఎత్తండయ్యా అని అరవబోతాను.